కలివేరు కుర్రాడు

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. 2014 మే 25, ఆ కార్తె అడుగుపెట్టే వేళ. మణుగూరు ఓపెన్‌కాస్టు గనుల్లో మొదటి షిఫ్టుకు జనం కదులుతున్న ఆ పొద్దున, గోదావరి అవతలి ఒడ్డున ఉన్న చర్ల మండలం కలివేరుకు చెందిన ఒక సైకిల్ మెకానిక్ కొడుకు 8,848 మీటర్ల ఎత్తున మంచులో నిలబడ్డాడు.

పేరు సాధనపల్లి ఆనంద్ కుమార్. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి. వెంట నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ. ఆమెకింకా పద్నాలుగేళ్లు నిండలేదు.

మా వైపు ఎత్తంటే రథంగుట్ట. కాదంటే బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గుట్టలు. మంచు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు! భువనగిరి కోట బండ మీద శిక్షకుడు శేఖర్‌బాబు దగ్గర తాడు పట్టడం నేర్చారు. తర్వాత డార్జిలింగ్, లడఖ్. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ పిల్లల్ని నమ్మారు.

పదహారేళ్లు నిండనివారిని నేపాల్ ఎవరెస్టు ఎక్కనివ్వదు. అందుకే టిబెట్ దారి పట్టారు. ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు పడి 16 మంది చనిపోయారు. ఆ కబురు విన్నాక కూడా వీళ్లు వెనుదిరగలేదు.

ఇక చివరి రాత్రి. ఆఖరి మకాం దాదాపు 8,300 మీటర్ల దగ్గర. అక్కడ గాలిలో మనకందే ప్రాణవాయువు కింద ఉన్నదాంట్లో మూడో వంతే. ముఖానికి మాస్కు, వీపున సిలిండరు, నుదుటి దీపం వెలుగులో కనిపించేంతే లోకం. ఒక అడుగు, ఆగడం, ఊపిరి, మళ్లీ అడుగు. నిట్టనిలువు రాతిగోడకు మొదట 1975లో చైనావాళ్లు నిచ్చెన బిగించారు. కింద లోయ నోరు తెరుచుకుని ఉండగా అక్కడి నిచ్చెన పట్టుకుని పైకి పాకాలి. దారి పొడవునా, అంతకుముందు ఎక్కబోయి తిరిగిరాని వాళ్ల దేహాలు మంచులో అలాగే ఉన్నాయి. వాటిని దాటి నడిచారు, పిల్లలు.

రికార్డు పూర్ణదే. ఎవరెస్టెక్కిన అతిపిన్న వయసు బాలిక ఆమె. 2017లో ఆమె మీద సినిమా కూడా వచ్చింది, రావలసిందే. ఆనంద్ పేరును మాత్రం మా ఏటి ఒడ్డు బళ్లలో మేమే గట్టిగా చెప్పుకోవాలి.

ఆ ఉదయం శిఖరం మీద జెండాతోపాటు సంచుల్లోంచి రెండు ఫొటోలు బయటికొచ్చాయి. ఒకటి అంబేడ్కర్‌ది. రెండోది పేద పిల్లలకు గురుకులాలు ఉండాలని తపించిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ది.