పలక రాళ్ల బండి నుంచి సెలవుల బండి దాకా

వేల్స్ పడమటి తీరాన టవిన్ అనే చిన్న ఊరుంది. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు. ఆ కొండల్లోని గనిలో తవ్విన పలక రాయిని కిందికి దించడానికి 1860ల్లో అక్కడొక చిన్న రైలు మార్గం వేశారు. మన బడిపిల్లలు ఒకప్పుడు అఆలు దిద్దుకున్న రాతి పలక లాంటి రాయే అది. బ్రిటన్‌లో దాన్ని పలుచగా చీల్చి ఇళ్ల కప్పుల మీద పరిచేవారు. దారి పొడవు దాదాపు 12 కిలోమీటర్లు, పట్టాల మధ్య వెడల్పు మూడడుగులకు బాగా తక్కువ. ఈ బుల్లి మార్గం పేరు టాలిలిన్. ఈనాడు బ్రిటన్‌కు సెలవులకు వెళ్లినవారు టికెట్టు కొనుక్కుని ఎక్కే పొగబండ్లన్నిటికీ దారి చూపింది ఇదే.

1946 డిసెంబరు 26న గని కూలింది. మోయడానికి రాయి లేకపోయినా, తాను బతికున్నంత కాలం బండి ఆగదని యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ మాట ఇచ్చి, నిలబెట్టుకున్నారు. 1950 జూలైలో ఆయన కన్నుమూసేనాటికి నడిచే స్థితిలో ఉన్న ఇంజను ఒక్కటే, పేరు డోల్గాక్. పట్టాలు అరిగిపోయాయి. స్లీపర్లు పుచ్చి గడ్డిలో కలిసిపోతున్నాయి. 1948లో దేశంలోని రైల్వేలను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ మార్గం ఆ జాబితాకు ఎక్కలేదు. దాంతో దీన్ని నడపమని అడగడానికి ప్రభుత్వంలో ఎవరూ లేరు, మూసెయ్యమని ఆజ్ఞాపించడానికీ ఎవరూ లేరు. ఆ ఖాళీలోంచే ఒక కొత్త ఆలోచన పుట్టింది.

దానికి ముందు పాత రైళ్లను దాచుకోవడం అంటే ఇంజన్లను దాచుకోవడమే. 1829లో రెయిన్‌హిల్ పోటీ గెలిచిన స్టీఫెన్‌సన్ ‘రాకెట్’ 1862లో లండన్‌లోని పేటెంట్ ఆఫీసు మ్యూజియానికి చేరింది. ఇప్పటికీ మిగిలి ఉన్న ఆవిరి ఇంజన్లలో అన్నిటికన్నా పాతదైన ‘పఫింగ్ బిల్లీ’ కూడా ఆ ఏడాదే అక్కడికి వెళ్లింది. అయితే ఆ శ్రద్ధ అందరికీ ఉండేది కాదు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన తొలినాటి ఇంజను ‘నార్త్ స్టార్’ను స్విండన్ వర్క్‌షాపులో కొన్ని దశాబ్దాలు భద్రంగా ఉంచింది. 1906లో చోటు చాలడం లేదని విరగ్గొట్టించింది. 19 ఏళ్లు తిరిగేసరికి స్టాక్‌టన్-డార్లింగ్టన్ రైల్వే శతజయంతి వచ్చింది. ఊరేగింపులో చూపడానికి అదే కంపెనీ మిగిలిన ముక్కలను పోగుచేసి, దాని నమూనాను కొత్తగా కట్టించుకోవలసి వచ్చింది. ఇప్పుడు స్విండన్‌లోని ‘స్టీమ్’ మ్యూజియంలో సందర్శకులు చూసేది ఆ నమూనానే. దాని ముందు నిలబడితే పోయిన అసలుదే ఎక్కువగా గుర్తొస్తుంది.

శతజయంతి ఉత్సాహం వృథా కాలేదు. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే 1928లో యార్క్‌లో సొంత మ్యూజియం తెరిచింది. వేగానికి పేరుపడ్డ ‘సిటీ ఆఫ్ ట్రూరో’ 1931లో పని విరమించినప్పుడు, దానికి నీడనిచ్చింది గ్రేట్ వెస్టర్న్ కాదు, ఈ యార్క్ మ్యూజియమే. పరాయి కంపెనీ ఇంజనుకు తన ఇంట చోటిచ్చిన ఆ పెద్దమనసును మెచ్చుకోవాలి. అయినా అదంతా చల్లారిన ఇనుమును తుడిచి నిలబెట్టడం. బండిని, పట్టాలను, స్టేషన్లను, నడిపే పనిని కలిపి బతికించడమన్నది ఎవరి ఊహలోకీ రాలేదు.

ఆ ఊహ ఎల్.టి.సి. రోల్ట్‌ది. ఆయన ఇంజనీరు, రచయిత. పాడుబడుతున్న కాలువల కోసం అంతకు ముందే పోరాడినవాడు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో ఆయన, మిత్రులు సభ పెట్టారు. టాలిలిన్‌ను సామాన్యులే జీతం లేకుండా నడపాలన్నది ప్రతిపాదన. హేడన్ జోన్స్ కుటుంబం ఒప్పుకుంది. 1951 మే 14, సెలవు రోజు. టవిన్ వార్ఫ్ నుంచి రిడరోనెన్ దాకా డోల్గాక్ మళ్లీ బండి లాగింది. ప్రపంచంలో స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడి నడిపిన మొదటి రైలు మార్గం అదే.

ఒక్క ముసలి ఇంజనుతో ఎన్నాళ్లు? అదృష్టం పక్క లోయలోనే ఉంది. అదే వెడల్పున్న కోరిస్ రైల్వే 1948లో మూతపడి, దాని ఇంజన్లు రెండు ఊరికే పడి ఉన్నాయి. ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. ఒకదానికి ‘సర్ హేడన్’ అని, మరోదానికి మార్గం పాత మేనేజరు ‘ఎడ్వర్డ్ థామస్’ అని పేర్లు పెట్టారు. తొలినాళ్లలో గార్డుగా పనిచేసిన వారిలో ఒక మతాచార్యుడు ఉన్నాడు. పిల్లల లోకానికి ‘థామస్’ ఇంజనును ఇచ్చిన రెవరెండ్ ఆడ్రీ ఆయనే. ఒకసారి ఫలహారాలమ్మే ఆమె ఎక్కకముందే ఆయన పచ్చజెండా ఊపేశాడు. తర్వాత ఆ పొరపాటునే కథగా రాసుకున్నాడు. టవిన్ స్టేషన్ పక్కనున్న నారోగేజ్ మ్యూజియంలో ఆడ్రీ చదువుకునే గదిని ఉన్నది ఉన్నట్టు అమర్చి పెట్టారు. పిల్లలతో వెళ్లినవారు అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగడానికి సిద్ధపడాలి.

టాలిలిన్‌కు ఉత్తరాన ఫెస్టినియోగ్ రైల్వే కథ ఇంకా గట్టిది. 1836లో మొదలైనప్పుడు దానికి ఇంజనే లేదు. పలకలు నింపిన వ్యాగన్లు వాలు మీద వాటంతట అవే దిగి వచ్చేవి, ఖాళీ వ్యాగన్లను గుర్రాలు పైకి లాగేవి. వెనక్కి దిగేటప్పుడు గుర్రాలు కూడా బండెక్కి దర్జాగా వచ్చేవి! రెండడుగుల కన్నా సన్నని పట్టాల మీద 1863లో ఆవిరి ఇంజన్లు నడిపి చూపించడంతో, కొండ ప్రాంతాలకు చవకైన దారి దొరికిందని లోకమంతా దీనివైపు చూసింది. 1881లో పూర్తయిన మన డార్జిలింగ్ రైలుది కూడా ఈ రెండడుగుల వరసే.

1946లో ఆగిపోయిన ఫెస్టినియోగ్ 1955లో ఔత్సాహికుల చేతుల్లో కొద్ది దూరం కదిలింది. ఈలోగా విద్యుత్ కేంద్రం కోసం కట్టిన జలాశయంలో పైదారి కొంత మునిగిపోతుందని తేలింది. ఇంకెవరైనా అక్కడితో చాలించుకునేవారు. వీళ్లు మాత్రం 1965లో పారలు, పలుగులు పట్టి కొత్త దారి తవ్వడం మొదలుపెట్టారు. ఎత్తు అందుకోవడానికి దువాల్ట్ దగ్గర దారిని గుండ్రంగా తిప్పి, తన మీదుగా తానే దాటేలా వేశారు. డార్జిలింగ్ రైలెక్కి బతాసియా లూప్‌లో తిరిగినవారికి ఆ మలుపు ఇట్టే అర్థమవుతుంది. విద్యార్థులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు వారాంతాల్లో వచ్చి, వానలో తడుస్తూ పదమూడేళ్లు పనిచేశారు. చివరి స్టేషన్ బ్లైనాయ్ ఫెస్టినియోగ్‌కు బండి చేరింది 1982లో. ఆ మలుపులో కిటికీ బయటికి చూసే ప్రయాణికుడికి ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలియకపోతే అతనికి కనిపించేది మామూలు కొండే.

మామూలు వెడల్పున్న పెద్ద మార్గాల వంతు 1960లో వచ్చింది. ఆ జూన్‌లో లీడ్స్‌లోని మిడిల్టన్ రైల్వే స్వచ్ఛంద కార్యకర్తల చేతికి వచ్చింది. అది 1758లో పార్లమెంటు చట్టంతో పుట్టిన బొగ్గుదారి. ఆగస్టు 7న ససెక్స్‌లో బ్లూబెల్ రైల్వే తెరుచుకుంది. వసంతంలో దారి పక్క అడవి నిండా పూచే నీలి పూల వల్ల వచ్చిన పేరది. దీని వెనుక మాడ్జ్ బెసెమర్ అనే స్థానికురాలి పట్టుదల ఉంది. 1955లో మార్గాన్ని మూసేస్తే, ఆమె పాత చట్టాలు తిరగేసి, రోజుకు నాలుగు బండ్లు నడపాలని రాసి ఉన్నట్టు పట్టుకుంది. ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ రైల్వేస్ మరుసటి ఏడాది బండ్లను మళ్లీ వెయ్యక తప్పలేదు. చట్టాన్ని దాటుకుని 1958లో తిరిగి మూశాక, కుర్రకారు విద్యార్థులు కొందరు సంఘం కట్టారు. మొదట అయిదు మైళ్లే. మిగతా దారికి అడ్డంగా, ఒక లోతైన కోతలో ఊళ్ల చెత్తంతా నింపి ఉంది. ఆ చెత్తను రైళ్లకెత్తి తరలించి, 2013లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ చేరారు. 55 ఏళ్ల పట్టుదల అది.

1963 మార్చిలో బ్రిటిష్ రైల్వేస్ అధిపతి డాక్టర్ బీచింగ్ నివేదిక వచ్చింది. 2,363 స్టేషన్లను, సుమారు 5,000 మైళ్ల దారిని మూసెయ్యాలన్నది దాని సారాంశం. కార్లు, లారీలు పెరిగి రైల్వే నష్టాల్లో కూరుకుపోయిన మాట నిజమే. అయినా ఊరి స్టేషన్ పోవడమంటే మార్కెట్టుకు, బడికి, పెళ్లికి వెళ్లే దారి పోవడం. ఆ బాధ నుంచే పదుల సంఖ్యలో సంఘాలు పుట్టాయి. సెవర్న్ వ్యాలీ మార్గం 1970లో, నార్త్ యార్క్‌షైర్ మూర్స్ మార్గం 1973లో మళ్లీ తెరుచుకున్నాయి. బ్రాంటే అక్కచెల్లెళ్ల ఊరు హావర్త్ మీదుగా పోయే కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే 1968 జూన్ 29నే తెరుచుకుంది. ఆ తర్వాత ఆరు వారాలకే, ఆగస్టు 11న, బ్రిటిష్ రైల్వేస్ తన ప్రధాన మార్గాలపై చివరి ఆవిరి ప్రయాణికుల రైలు నడిపింది. దొడ్డిదారిన ఒక దీపం వెలిగించాకే పెద్దింటి దీపం ఆరిందన్నమాట. వర్త్ వ్యాలీలోని ఓక్‌వర్త్ స్టేషన్‌లో 1970 నాటి ‘ది రైల్వే చిల్డ్రన్’ సినిమా తీశారు. నార్త్ యార్క్‌షైర్ మార్గంలోని గోత్‌లాండ్ స్టేషన్, మొదటి హ్యారీ పాటర్ సినిమాలో హాగ్స్‌మీడ్ అయింది.

మార్గాలు దొరికాయి, మరి ఇంజన్లు? ఇక్కడ వేల్స్‌లోని బ్యారీ రేవులో పాత ఇనుము వ్యాపారి డై వుడమ్ పేరు చెప్పుకోవాలి. తుక్కు కింద ఆయన కొన్న ఆవిరి ఇంజన్లు 297. వ్యాగన్లను విరగ్గొట్టడం తేలిక కాబట్టి ముందు వాటి పని పట్టాడు. ఇంజన్లు సముద్రపు గాలికి తుప్పు పడుతూ వరసల్లో నిలబడిపోయాయి. ఔత్సాహికులు వచ్చి, ఫలానా ఇంజను మాకు ఉంచండి, డబ్బు పోగుచేసుకొస్తాం అనేవారు. ఆయన ఏళ్ల తరబడి ఆగేవాడు. 1968లో మొదటిది బయటికి వచ్చింది. 1990 నాటికి మొత్తం 213 ఇంజన్లు ప్రాణాలతో బయటపడ్డాయి. ఇవాళ బ్రిటన్‌లో ఎక్కడ ఆవిరి బండి ఎక్కినా, దాన్ని లాగే ఇంజను బ్యారీ నుంచి వచ్చిందేమో అడిగి చూడవచ్చు. అవునన్న జవాబే తరచుగా వస్తుంది.

ప్రభుత్వం వైపు నుంచి పెద్ద అడుగు 1975 సెప్టెంబరు 27న పడింది. స్టాక్‌టన్-డార్లింగ్టన్ రైల్వేకు సరిగ్గా 150 ఏళ్లు నిండిన రోజది. యార్క్‌లోని పాత ఇంజన్ షెడ్డులో జాతీయ రైల్వే మ్యూజియం తెరిచారు. ప్రవేశం ఉచితం. గంటకు 203 కిలోమీటర్ల వేగంతో 1938లో నెలకొల్పిన రికార్డును ఇప్పటికీ ఏ ఆవిరి ఇంజనుకూ వదలని ‘మల్లార్డ్’ అక్కడ ఉంది. జపాన్ కానుకగా ఇచ్చిన తొలితరం షింకన్‌సెన్ పెట్టె ఉంది. విక్టోరియా రాణి ప్రయాణించిన పెట్టె ఉంది. పిల్లలకు నచ్చేది మాత్రం ఇంజన్లను గిర్రున తిప్పే టర్న్‌టేబుల్. 2004లో దీనికి అనుబంధంగా షిల్డన్‌లో ‘లోకోమోషన్’ మ్యూజియం వచ్చింది. అసలు రాకెట్ ఇప్పుడు అక్కడే ఉంది.

యార్క్‌లో నిశ్శబ్దంగా మెరుస్తున్న ఇంజన్లను చూసి, మర్నాడు పికరింగ్ వెళ్లి నార్త్ యార్క్‌షైర్ బండి ఎక్కితే తేడా ఒంటికి తెలుస్తుంది. అక్కడ నూనె, తడిబొగ్గు కలిసిన వాసన వస్తుంది. ఆ వాసన కోసం ఫైర్‌మ్యాన్ తెల్లవారకముందే లేచి నిప్పు రాజేస్తాడు. చల్లారిన బాయిలర్‌లో ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది. ఒంటిదారి మొదట్లో సిగ్నల్‌మ్యాన్ డ్రైవరు చేతికి టోకెన్ అందిస్తాడు. అది చేతిలో లేనిదే ఆ దారిలోకి ఇంజను వెళ్లకూడదు. మన వైపు పాత స్టేషన్లలో పరుగుతీసే బండి మీంచి టోకెన్ రింగును అందుకునే చేతులను చూసిన పెద్దలకు ఆ క్షణం చిన్ననాటిని తెచ్చి ఇస్తుంది. మ్యూజియం వస్తువును కాపాడుతుంది, మార్గం పనిని కాపాడుతుంది. రెండూ చూడకపోతే ప్రయాణం సగమే.

పని నేర్చిన చేతులు మిగిలాయి కాబట్టే 2008లో ‘టోర్నడో’ సాధ్యమైంది. ఆ రకం ఇంజన్లు 49 ఉండేవి. అన్నీ తుక్కయిపోయాయి. నెలనెలా చిన్న మొత్తాలు ఇచ్చిన వేలమంది సాయంతో, 18 ఏళ్ల శ్రమతో డార్లింగ్టన్‌లో యాభయ్యోదాన్ని కొత్తగా కట్టారు. దాని బాయిలర్ మాత్రం జర్మనీలోని మైనింగెన్‌లో తయారైంది. అంత పెద్ద బాయిలర్ కట్టే కొలిమి బ్రిటన్‌లో అప్పటికి మిగల్లేదు.

ఇప్పుడు బొగ్గు కూడా మిగల్లేదు. వేల్స్‌లోని ఫోస్-అ-వ్రాన్ గని 2023 నవంబరులో ఆగింది. తోటలోని కాయ కోసుకున్నట్టు ఊరి పక్క గనుల నుంచి తెచ్చుకునే ఇంధనం ఇవాళ ఓడల్లో రావాలి, ధర పెరిగింది. కొన్ని మార్గాలు బొగ్గుపొడిని ముద్దకట్టిన ఇంధనాన్ని పరీక్షిస్తున్నాయి. 2021లో యునెస్కో ఉత్తర వేల్స్ పలకరాతి సీమను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టాలిలిన్, ఫెస్టినియోగ్ రెండూ అందులో ఉన్నాయి. గని మూతపడ్డాక కూడా టవిన్ వార్ఫ్‌లో బండి కదులుతూనే ఉంది. దాని టికెట్టు తనిఖీ చేసేవారిలో, పట్టాల పక్క పొదలు కొట్టేవారిలో, బ్రేకు తిప్పేవారిలో చాలామంది సెలవు పెట్టుకుని సొంత ఖర్చుతో వచ్చినవారు.