భిలాయి ఎండలో ఆకు రాల్చని చెట్లు

దుర్గ్ జిల్లాలోని భిలాయి వద్ద ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు తయారు చేసే కర్మాగారం కట్టడానికి భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అంటే ఖాళీ నేల మీద కొలిమి లేవడానికి పట్టింది నాలుగేళ్ళు. ఆ కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు ఇంటికి నడిచి వెళ్ళే దారిలో నీడ పడడానికి మాత్రం ఇంకా కాలం పట్టింది. కొలిమిని ఎవరు నిర్మించారో, ఎలా నిర్మించారో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ నీడ వెనుక ఉన్న వృక్షశాస్త్రం గురించి అంతగా ఎవరూ రాయలేదు.

భిలాయి కథ తెలుగువారికి పరాయిది కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వరకు రైలుమార్గం 1931 నాటికే పూర్తయింది. ఉక్కు కర్మాగారం పని మొదలయ్యాక శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు ఆ దారినే వెళ్ళి అక్కడ స్థిరపడ్డాయి. సముద్రపు గాలికి, కొబ్బరి, పొన్న చెట్ల నీడకు అలవాటుపడిన వారికి భిలాయి వేసవి కొత్త. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఏడాది మొత్తం మీద సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షం కురిసినా అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే. మిగిలిన ఎనిమిది నెలలూ చెట్టు భూమిలో దాగిన తేమ మీదే బతకాలి.

ఆ భూమి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. గులకతో నిండిన ఎర్రని మిట్టనేల భాటా. పసుపు రంగు తేలిక నేల మటాసి. దానికంటే బరువైనది డోర్సా. పల్లంలో ఉండే నల్లబంక కన్హార్. వరి పండేవి చివరి మూడు. భాటాలో పంట సరిగా రాదు కనుక దాన్ని పశువుల మేతకు వదిలేసేవారు. కట్టడాలకు గట్టినేల కావాలి కాబట్టి ఇంజనీరు కంటికి భాటా బంగారం. తోటమాలి కంటికి మాత్రం అది రాయి. ఒక ఊరిని కట్టడానికి నేలను ఎంచుకునేవారు, ఆ ఊరిలో చెట్లు పెంచేవారు ఒకే నేలను ఎంత వేరుగా చూస్తారో దీనివల్ల అర్థమవుతుంది.

అడవి చెట్లు ఎందుకు పనికిరాలేదు?

ఆ ప్రాంతపు సహజ వృక్షసంపద తక్కువదేమీ కాదు. వరి గట్ల మీద నల్లతుమ్మ పెంచడం ఛత్తీస్‌గఢ్ మైదానపు పాత అలవాటు. ఇప్ప, మోదుగ, తునికి, నల్లమద్ది ఆ నేలలో వాటంతట అవే పెరుగుతాయి. మరి రోడ్ల పక్కన వాటినే నాటితే సరిపోదా? సరిపోదు. కారణం ఆకురాల్చే కాలం. ఎండ ముదిరేకొద్దీ ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు వేళ్ళు తోడగలిగే నీటిని మించిపోతుంది. అప్పుడు ఆకునే వదిలించుకోవడం ఈ చెట్ల ఉపాయం. మార్చిలో మోదుగ నిప్పురవ్వల్లాంటి పూలతో ఎంత అందంగా ఉన్నా దాని కింద నిలబడిన మనిషికి నీడ దొరకదు. చెట్టుకు మేలు చేసే ఈ ఏర్పాటు బాటసారికి సరిగ్గా అవసరమైన వేళకే ఎదురు తిరుగుతుంది.

సతత హరిత వృక్షాలు అసలు ఆకు రాల్చవనుకోవడం పొరపాటు. అవీ రాలుస్తాయి, కాని అన్నీ ఒకేసారి కాదు. పాత ఆకు రాలేలోగా కొత్త ఆకు వస్తుంది. కానుగ, వేప వంటివి ఈ రెండు వర్గాలకూ మధ్యస్థంగా ఉంటాయి. వేసవి మొదట్లో కొద్దిరోజులు పలచబడి, వెంటనే లేత చిగుళ్ళతో నిండిపోతాయి. వృక్షశాస్త్రజ్ఞుడు వీటిని అర్ధ హరితాలంటే అనవచ్చు. ఏప్రిల్ ఎండలో నడిచేవారికి ఆ తేడా పెద్దగా పట్టదు.

ఈ చిక్కు భిలాయితో మొదలైంది కాదు. అశోక చక్రవర్తి ఏడవ స్తంభ శాసనంలోనే బాటల వెంట మర్రి చెట్లు నాటించిన ప్రస్తావన ఉంది. మనుషులకూ పశువులకూ నీడ ఇవ్వడానికేనని కూడా అందులో చెప్పాడు. ఆధునిక కాలంలో ఇదే ప్రశ్న పెద్ద ఎత్తున ఎదురైన చోటు కొత్త ఢిల్లీ. 1911లో రాజధాని మార్పు ప్రకటన వెలువడ్డాక ఎడ్విన్ లట్యెన్స్ వీధులు గీశాడు. వాటికి చెట్లు పెంచే పని విలియం ముస్టో అనే ఉద్యానశాస్త్రజ్ఞుడి చేతికి వచ్చింది. ఎండా కాలంలో బోడిగా నిలిచే చెట్లు వారికి నచ్చలేదు. అందుకే పక్కనే ఉన్న రిడ్జ్ అడవి చెట్లను విడిచిపెట్టి నేరేడు, వేప, చింత, ఏరుమద్ది వంటివాటిని వీధుల వెంట నాటించారు.

ఇందులో నేరేడు, ఏరుమద్దిల సంగతి ప్రత్యేకంగా చూడాలి. ఈ రెండూ వాగుల ఒడ్డున పెరిగే చెట్లు. ఛత్తీస్‌గఢ్‌లో కౌహా అని పిలిచే చెట్టు మన ఏరుమద్దే. దాని తెలుగు పేరులోనే ఏరు ఉంది. కానుగ కూడా సహజంగా వాగుల వెంటే కనిపిస్తుంది. వాగు ఒడ్డు చెట్టు ఎండిన వీధిలో ఎలా బతుకుతుంది? వృక్షశాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఆసక్తికరమైనది. వర్షాకాలంలో వాగు పొంగినప్పుడు ఒడ్డు మట్టిలో గాలి ఉండదు. అలాంటి మట్టిలో ఊపిరి పీల్చుకోగల వేళ్ళే అక్కడ మిగులుతాయి. రోడ్డు పక్క మట్టి కూడా బండ్లు, రోలర్లు, మనుషుల తొక్కుడుకు బిగుసుకుపోయి గాలి లేకుండా అవుతుంది. కారణం వేరైనా వేరుకు ఎదురయ్యే కష్టం ఒకటే. అమెరికా వీధుల్లో నిలిచిన ఎల్మ్, ప్లేన్ జాతులు కూడా నదీ మైదానాల చెట్లే కావడం కాకతాళీయం కాదు. కాబట్టి మొండి చెట్టు కావాలనుకుని నేరుగా ఎడారికి వెళ్ళి వెతకనక్కరలేదు. దగ్గరలోని వాగు దాకా వెళ్ళి చూస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది.

ఒంటి కాండం, గుండ్రని తల

ఉద్యానశాస్త్రంలో స్టాండర్డ్ అనే మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. కొమ్మలు లేని ఒకే నిటారు కాండం, దాని మీద గుబురైన తల ఉన్న చెట్టును అలా పిలుస్తారు. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనంలో నారింజ చెట్లను తొట్లలో ఇలా పెంచేవారు. చలికాలంలో వాటిని దాచడానికి 1686 నాటికి ఒక పెద్ద కట్టడమే కట్టారు. మన దేశంలో దీనికి చక్కని ఉదాహరణ ఢిల్లీ రాష్ట్రపతి భవన్ తోటలో ఉంది. 2023లో అమృత్ ఉద్యాన్‌గా పేరు మారిన ఆ తోటలో నాటడం 1928-29లో జరిగింది. అక్కడ గొడుగుల్లా కత్తిరించి కనిపించే చెట్లు మన పొగడ చెట్లే. హిందీలో వాటిని మౌల్‌సిరి అంటారు.

పొగడను ఎంచుకోవడంలో గొప్ప తెలివి ఉంది. దాని ఆకు దళసరి, పైన మైనపు పొర ఉంటుంది, అందుకే నీరు తొందరగా ఆవిరైపోదు. కత్తెర పడిన చోటల్లా గుబురుగా చిగురిస్తుంది. పూల వాసన ఎండినా పోదు. లోపం ఒక్కటే. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అధికారుల పదవీకాలం కంటే పొగడ ఎదిగే కాలం ఎక్కువ కావడం వల్లనే అది మన ఊళ్ళలో తక్కువగా కనిపిస్తుందేమో!

స్టాండర్డ్‌ను తయారు చేయడంలో చాలామంది తోటమాలులు తొందరపడి కింది కొమ్మలన్నీ మొదటి ఏడాదే నరికేస్తారు. మొక్క సన్నగా పొడుగ్గా సాగి కర్రకు కట్టకపోతే నిలబడని స్థితికి వస్తుంది. కింది కొమ్మల ఆకులు తయారు చేసే ఆహారమే ఆ భాగపు కాండాన్ని లావు చేస్తుంది. అందుకే వాటిని కురచగా కత్తిరించి ఉంచి, కాండం బలపడిన కొద్దీ కింది నుంచి ఒక్కొక్కటే తీయాలి. ఒక విడతలో మొత్తం ఆకులో మూడో వంతుకు మించి పోకూడదు. తోటలో మనిషి తల తగలని ఎత్తు చాలు. రోడ్డు పక్కనైతే రెండున్నర నుంచి మూడు మీటర్ల వరకు కాండం శుభ్రంగా ఉండాలి. అప్పుడు కొన చిగురు తుంచితే దాని కింది మొగ్గలు విచ్చుకుని మూడు నాలుగు కొమ్మలై తల కడుతుంది.

ఊతకర్ర విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. కర్రను ఎత్తుగా పాతి మొక్కను బిగించి కట్టడం మనకు అలవాటు. గాలికి అటూ ఇటూ ఊగే కాండం పొట్టిగా, లావుగా, గట్టిగా ఎదుగుతుందని ప్రయోగాల్లో తేలింది. తాకిడి వల్ల మొక్క ఆకృతి మారే ఈ లక్షణానికి 1973లో జాఫే అనే శాస్త్రజ్ఞుడు థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు పెట్టాడు. కాబట్టి ఊతం కాండంలో మూడో వంతు ఎత్తులో, వదులుగా ఉంటే చాలు.

భాటా నేలలో మరో జాగ్రత్త అవసరం. గునపంతో మీటరు గొయ్యి తవ్వి మంచి మట్టి నింపితే మొక్క రెండేళ్ళు చక్కగా పెరుగుతుంది. ఆ తర్వాత వేళ్ళు గొయ్యి గోడను తాకి, గట్టి గులక పొరలోకి దూరలేక లోపలే చుట్లు తిరుగుతాయి. అంటే మనం భూమిలో ఒక పూలకుండీ తయారు చేశామన్నమాట. గొయ్యి గోడలను గరుకుగా పగలగొట్టడం, అడుగు పొరను ఛేదించడం తప్పనిసరి.

పొగను తట్టుకునే ఆకు

ఉక్కు పట్టణపు చెట్టుకు ఎండతో పాటు మరో శత్రువు ఉంది. కోక్ ఓవెన్ల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఆకు మీది పత్రరంధ్రాల గుండా లోపలికి పోయి ఆమ్లంగా మారి పత్రహరితాన్ని దెబ్బతీస్తుంది. ధూళి ఆ రంధ్రాలను మూసేస్తుంది. ఆకు రాల్చే చెట్టు ఏటా పాడైన ఆకులను వదిలించుకుంటుంది. సతత హరితానికి ఆ సౌకర్యం తక్కువ. ఒకే ఆకు ఏడాదికి పైగా పొగ భరించాలి.

ఏ ఆకు ఎంత భరిస్తుందో అంకెల్లో చెప్పడానికి 1983లో సింగ్, రావు అనే శాస్త్రజ్ఞులు ఒక సూచికను ప్రతిపాదించారు. ఆకులోని మొత్తం పత్రహరితానికి ఆకు రసపు పీహెచ్ విలువ కలిపి, ఆ మొత్తాన్ని ఆస్కార్బిక్ ఆమ్లంతో గుణించి, దానికి ఆకులోని సాపేక్ష నీటి శాతం కలిపి, పదితో భాగించాలి. ఒక ఆకులో పత్రహరితం 1.5, పీహెచ్ 6, ఆస్కార్బిక్ ఆమ్లం 5, నీటి శాతం 80 అనుకుందాం. ఒకటిన్నరకు ఆరు కలిపితే 7.5, ఐదుతో గుణిస్తే 37.5, ఎనభై కలిపితే 117.5. సూచిక 11.75. కళాశాల ప్రయోగశాలలో చేయదగిన లెక్కే ఇది. అయితే ఈ మొత్తంలో నీటి వాటా ఎంత పెద్దదో చూడండి. వానాకాలంలో తెంపిన ఆకు ఏదైనా ఘనంగానే కనిపిస్తుంది. భిలాయి వంటి చోట ఏప్రిల్ ఆకునే పరీక్షించడం న్యాయం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2000లో హరిత వలయాల పెంపకానికి మార్గదర్శకాలు ప్రచురించింది. నాటేవారు ఇప్పుడు దాన్ని చూసుకోవచ్చు. 1950లలో నాటినవారికి అలాంటి పుస్తకమేదీ లేదు.

వారికి ఉన్నది ఆ కాలపు ఉత్సాహం. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం ప్రారంభించారు. 1953లో చండీగఢ్ వృక్షాల కోసం ఎం.ఎస్. రంధావా నాయకత్వంలో సంఘం ఏర్పడింది. పూలచెట్ల మీద ఆయనకున్న మక్కువ దేశమంతా పాకింది. మరో ఉక్కు పట్టణమైన జంషెడ్‌పూర్‌లో క్రుంబీగెల్ రూపకల్పన చేసిన జూబిలీ పార్కును 1958లో నెహ్రూ ప్రారంభించారు. కొత్త పట్టణమంటే వరుసగా పూసే చెట్లు ఉండాలనే భావన ఆనాటిదే. ఎర్ర తురాయి, పచ్చ తురాయి అలా ప్రతి కాలనీకీ చేరాయి. నాలుగైదేళ్ళలోనే గొడుగు విప్పే చెట్టు దొరికితే, అప్పుడే ఇళ్ళలో దిగిన కుటుంబాలున్న ఊరు దాన్ని కాదనడం కష్టం. కాని మడగాస్కర్ నుంచి వచ్చిన ఎర్ర తురాయి మార్చిలో బోడిగానే ఉంటుంది. దాని కలప మెత్తన, వేళ్ళు పైపైనే పాకుతాయి.

ఈ లక్షణాల ఫలితం 2014 అక్టోబరు 12న విశాఖపట్నంలో బయటపడింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన హుద్‌హుద్ తుఫాను నగరంలోనూ, ఉక్కునగరంలోనూ అసంఖ్యాకంగా చెట్లను పెకలించింది. పెద్ద గొడుగు, లోతులేని వేరు ఉన్నవి ముందుగా కూలాయి. తర్వాత తొందరగా పచ్చదనం తేవాలన్న ఆత్రుత మళ్ళీ మొదలైంది. తెలుగు పట్టణాల్లో ఏడాకుల పాల, కోనోకార్పస్ వరుసలు వెలిశాయి. రెండూ సతత హరితాలే, మొండివే. మొదటిది పూసినప్పుడు దాని ఘాటైన వాసన చాలామందికి సరిపడదు. రెండోదాన్ని నాటడం గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. మొండితనం ఒక్కటే చూసి చెట్టును ఎంచుకుంటే ఇలాగే ఉంటుంది.

భిలాయిలో తొలి తరం చెట్లు నాటి ఇప్పటికి అరవయ్యేళ్ళు దాటాయి. ఎర్ర తురాయికి అది ముసలితనమే. పెద్ద చెట్లు కూలేదాకా ఆగి ఆ ఖాళీలో నాటితే వీధికి మళ్ళీ పదేళ్ళు నీడ ఉండదు. పాత చెట్ల సందుల్లో ఇప్పుడే కానుగ, పొగడ, నేరేడు మొక్కలు పెడితే వాటి సగం నీడలో పొగడ లేత మొక్క ఇంకా హాయిగా పెరుగుతుంది. నేరేడును మాత్రం కాలిబాటకు దూరంగా నాటాలి. జూన్‌లో రాలిన పండ్ల మీద జారిపడిన సైకిలు వాళ్ళ మాటలు తోటల విభాగం వినవలసి వస్తుంది. నర్సరీలో రెండు మీటర్ల కాండం కట్టిన మొక్క తెచ్చుకుంటే మొదటి మూడు వేసవులు నీరు పోస్తే చాలు. ఆ తర్వాత దాని వేరు దారి అదే వెతుక్కుంటుంది, గొయ్యి గోడను ముందే పగలగొట్టి ఉంటే.