చిల్లర దేవుళ్లు

దాశరథి రంగాచార్య (1928–2015) రాసిన తెలుగు నవల. హైదరాబాద్ సంస్థానాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్యకు ముందు, నిజాం పాలన నాటి తెలంగాణ పల్లె ఇందులోని రంగస్థలం. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణి ఊరి దొర గడీలో ఆశ్రయం పొందుతాడు. దొర కూతురు మంజరికి పాట నేర్పుతాడు. పాఠం ప్రేమగా మారుతుంది. గడీ గోడల మధ్య అది ఎంతకాలం దాగుతుందన్న ఉత్కంఠే కథను నడిపిస్తుంది.

అయితే దీన్ని ఒట్టి ప్రేమకథగా చదివితే సగం పుస్తకం చేజారినట్టే. పైఊరి మనిషి కాబట్టి సారంగపాణికి ప్రతిదీ కొత్త: వెట్టిచాకిరి, కరణం ఎత్తులు, "బాంచెన్ నీ కాల్మొక్తా" అనే వంగిన నడుములు. దొరబిడ్డ పెళ్లయితే ఆమె వెంట అత్తవారింటికి దాసిగా పంపే ఆడబాప వ్యవస్థను వనజ పాత్ర కళ్లకు కడుతుంది. మంజరికంటే ఆమే ఎక్కువ గుర్తుండిపోతుంది. సంభాషణలు ఉర్దూ కలిసిన తెలంగాణ పలుకుబడిలో సాగుతాయి.

ఇలాంటి గడీల మీదనే 1946 నాటికి నల్లగొండ పల్లెలు తిరగబడ్డాయి. ఆ జిల్లావాడే అయిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నవలతో ఈ జీవితాన్ని కథగా చెప్పడానికి వేసిన బాటను రంగాచార్య 'మోదుగుపూలు', 'జనపదం' నవలలతో ముందుకు తీసుకెళ్లారు.

'చిల్లర దేవుళ్లు'కు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడిగా, టి. మధుసూదనరావు దర్శకత్వంలో ఇది సినిమాగానూ వచ్చింది.