అప్‌డేట్ దారిలో మాటువేసినవాళ్లు

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దేశదేశాల్లో పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన దగ్గర చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ పురుగు దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. రేపు చూద్దామనుకున్నవాళ్లు చిక్కుకున్నారు.

నెలన్నర తిరిగేసరికి, జూన్ 27న, యుక్రెయిన్‌లో నాట్‌పెట్యా మొదలైంది. ఈసారి తలుపు తీసింది అప్‌డేటే. అక్కడి వ్యాపార సంస్థలు పన్నుల లెక్కలు దాఖలు చేయడానికి వాడే ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని తయారీ సంస్థ సర్వర్లలోకి దుండగులు ముందే చొరబడి, ఏప్రిల్, మే, జూన్ నెలల్లో వచ్చిన మూడు అప్‌డేట్లలో దొడ్డిదారి పెట్టారు. బుద్ధిగా అప్‌డేట్ చేసుకున్న సంస్థలే మొదట కూలాయి.

మొదటి ఘటన వెంటనే వేసుకోమంది, రెండోది వేసుకుంటే మునుగుతావంది. ఈ రెండింటి మధ్య నలిగిపోతున్న నమ్మకానికి నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక వరస కనిపిస్తుంది. మనం ఒక తలుపుకి గడియ పెట్టినప్పుడల్లా దాడిచేసేవాడు సరఫరా దారిలో ఇంకో మజిలీ వెనక్కి వెళ్లాడు. చివరికి యంత్రాలన్నీ దాటి, ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే మనిషి దగ్గరికి చేరాడు.

ప్రమాదాన్ని అందరికంటే స్పష్టంగా చూపించినవాడు కెన్ థాంప్సన్. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడు. డెనిస్ రిచీతో కలిసి 1983 ట్యూరింగ్ పురస్కారం అందుకున్న సందర్భంలో ఆయన చేసిన ప్రసంగం 1984 ఆగస్టులో అచ్చయింది. మనిషి రాసిన సోర్స్ కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఆ కంపైలర్‌లోనే మోసం దాస్తే ఏమవుతుందని ఆయన ప్రశ్న. లాగిన్ ప్రోగ్రామును తయారు చేసినప్పుడు అది రహస్యంగా ఒక దొంగ సంకేతపదాన్ని చేరుస్తుంది. తన తర్వాతి కంపైలర్‌ను తయారు చేసినప్పుడు ఈ మోసాన్నే అందులోకి మళ్లీ ఎక్కిస్తుంది. ఆ తర్వాత సోర్స్ కోడ్ నుంచి ఆ వాక్యాలు చెరిపేసినా ఫరవాలేదు. ఎంత నిశితంగా చదివినా కోడ్‌లో ఏ తప్పూ కనిపించదు, దొంగ మాత్రం ఇంట్లోనే ఉంటాడు. ఈ ఆలోచన పూర్తిగా తనది కాదనీ, మల్టిక్స్ అనే వ్యవస్థ భద్రతపై అమెరికా వైమానిక దళం చేయించిన పరిశీలనలో దాని మూలం ఉందనీ థాంప్సన్ చెప్పాడు. ఆ నివేదిక 1974 నాటిది. అంటే ఇంటింటికీ కంప్యూటర్ రాకముందే ఈ జబ్బు లక్షణాలు రాసిపెట్టి ఉన్నాయి.

అప్పట్లో కొత్త వెర్షన్ టేపుల మీదో ఫ్లాపీల మీదో వచ్చేది, ఎప్పుడో వచ్చేది. దాన్ని అలవాటుగా మార్చింది ఇంటర్‌నెట్. విండోస్ 98తో విండోస్ అప్‌డేట్ వచ్చింది. అయినా జనం పెద్దగా పట్టించుకోలేదు. 2003 జనవరిలో స్లామర్ అనే పురుగు నిమిషాల్లో ప్రపంచాన్ని చుట్టినప్పుడు దాని ప్యాచ్ వచ్చి ఆరు నెలలైంది. ఆగస్టులో బ్లాస్టర్ అనే ఇంకో పురుగు వచ్చింది. ఆ దెబ్బలతో 2003 అక్టోబరు నుంచి నెలలో రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేయడం మైక్రోసాఫ్ట్‌కి ఆనవాయితీ అయింది. మరుసటి ఏడు వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆన్ చేసుకోమని అందరినీ తొందరపెట్టింది. ఇది మంచి నిర్ణయమే. కోట్ల కంప్యూటర్లు అలా బతికాయి. అయితే ఎవరి అనుమతీ అడగకుండా కోట్ల యంత్రాల్లోకి నేరుగా వెళ్లగల రహదారి కూడా ఆ రోజుల్లోనే పడింది.

ఆ రహదారి మీద కాపలా పేరు డిజిటల్ సంతకం. తయారీదారు తన రహస్య తాళంచెవితో అప్‌డేట్ మీద సంతకం చేస్తాడు, మన యంత్రం అతని బహిరంగ తాళంచెవితో సరిచూసుకుంటుంది. మధ్యలో ఒక్క అక్షరం మారినా పట్టుబడుతుంది. విత్తనాల ప్యాకెట్ మీద కంపెనీ సీలు లాంటిది ఇది. కొట్టువాడు విప్పి కల్తీ చేస్తే సీలు చెప్పేస్తుంది. కంపెనీ గోదాములోనే నకిలీ గింజలు కలిస్తే మాత్రం అదే సీలు వాటికీ పడుతుంది. తర్వాతి ఇరవై ఏళ్లలో జరిగినవాటిలో చాలావరకు ఈ గోదాము కథలే.

2003 నవంబరులో లినక్స్ కెర్నెల్ కోడ్ నకలు ఒకదాన్లో ఎవరో రెండు పంక్తులు చేర్చారు. పోల్చిచూడటానికి రెండు సమాన గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే పెట్టారు. అది ఉన్న యంత్రంలో మామూలు వాడుకరి సర్వాధికారి అయిపోగలడు. అచ్చుతప్పులా కనిపించే ఆ మార్పు అసలు భాండాగారంలో లేదు, నకల్లో మాత్రమే ఉంది. రెంటినీ సరిపోల్చే అలవాటు ఉండటం వల్ల వెంటనే దొరికిపోయింది. ఎవరు చేశారో బయటపడలేదు.

2008లో రెండు సంగతులు జరిగాయి. ఆగస్టులో రెడ్‌హ్యాట్ సంస్థ సంతకాల యంత్రాంగంలోకి చొరబడినవాళ్లు దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీలు కొన్నింటి మీద అసలు సంతకమే చేయించుకున్నారు. అదే ఏడాది అరిజోనా విశ్వవిద్యాలయంలో జస్టిన్ కాపోస్, ఆయన సహచరులు ఇంకో కంత చూపించారు. లేని కంపెనీ పేరుతో అద్దె సర్వర్ పెట్టి, ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి లినక్స్ రకాలకు అధికారిక మిర్రర్‌గా, అంటే ప్యాకేజీల నకళ్లు పంచే సర్వర్‌గా, ఇట్టే గుర్తింపు తెచ్చుకున్నారు. వేల యంత్రాలు అప్‌డేట్ల కోసం ఆ సర్వర్ తలుపు తట్టాయి, వాటిలో సైన్యానివీ ప్రభుత్వానివీ ఉన్నాయి. దుర్బుద్ధి ఉన్నవాడైతే దొంగ ప్యాకేజీ తయారు చేయాల్సిన పనే లేదు. కంత ఉన్న పాత వెర్షన్‌ను, నిజమైన సంతకం ఉన్నదాన్నే, కొత్తదన్నట్టు చేతిలో పెట్టొచ్చు. లేదా కొత్త అప్‌డేట్ ఏదీ రాలేదని నమ్మించి అలాగే ఉంచేయొచ్చు. సంతకం ఎవరు పంపారో చెబుతుంది, ఎప్పటిదో చెప్పదు.

ఈ పరిశోధన ఫలితమే 2010లో టార్ ప్రాజెక్టు వాళ్లతో కలిసి కాపోస్ బృందం ప్రతిపాదించిన పద్ధతి. తర్వాత టఫ్ అనే పేరుతో స్థిరపడింది. ఒకే తాళంచెవికి సర్వాధికారం ఇవ్వకుండా పనుల్ని పంచడం, ముఖ్యమైన తాళంచెవుల్ని నెట్‌కి దూరంగా ఉంచడం, కొన్నింటికి ఒకరికంటే ఎక్కువమంది సంతకాలు అడగడం, పాతబడినదాన్ని యంత్రం తనంతట తానే తిరస్కరించడం దాని సారం. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న పని ఇదే. తాళంచెవి ఏదో ఒక రోజు పోతుందని ముందే ఒప్పుకుని, పోయినా నష్టం చిన్నదిగా ఉండేలా కట్టిన వ్యవస్థ ఇది. కార్ల సాఫ్ట్‌వేర్ కోసం అప్టేన్ అనే రూపం కూడా వచ్చింది. అయినా చాలా కంపెనీలు ఒక సర్వర్, ఒక తాళంచెవి దగ్గరే ఆగిపోయాయి.

2012లో బయటపడిన ఫ్లేమ్, విండోస్ అప్‌డేట్ మీది నమ్మకాన్నే తాకింది. పశ్చిమాసియాలో, ముఖ్యంగా ఇరాన్‌లో గూఢచర్యం చేసిన సాఫ్ట్‌వేర్ అది. ఎండీ5 అనే హాష్ పద్ధతి బలహీనమని 2004 నుంచే లోకానికి తెలుసు, మైక్రోసాఫ్ట్ లైసెన్సు సేవల్లో ఒకటి మాత్రం దాన్నే వాడుతోంది. ఆ బలహీనతను పట్టుకుని ఫ్లేమ్ కర్తలు మైక్రోసాఫ్ట్ ఇచ్చినట్టే కనిపించే సర్టిఫికెట్ సృష్టించారు. ఒక యంత్రం చెడితే అదే ఆఫీసులోని మిగతావాటికి తానే విండోస్ అప్‌డేట్‌నని చెప్పుకుంది.

2017 మళ్లీ చూద్దాం. నాట్‌పెట్యా పైకి డబ్బు అడిగింది గానీ డబ్బిచ్చినా ఫైళ్లు తిరిగొచ్చే దారి లేదు. నాశనమే లక్ష్యం. ఎం.ఇ.డాక్ దొడ్డిదారి ప్రతి కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరునూ సేకరించేది కనుక, ఏ యంత్రం ఎవరిదో దుండగులకు తెలుసు. అక్కడ మొదలైనది యుక్రెయిన్ సరిహద్దు దగ్గర ఆగలేదు. డెన్మార్క్ ఓడల సంస్థ మేర్స్క్ 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. కరెంటు పోవడం వల్ల నెట్‌కి దూరంగా ఉండిపోయిన ఘనా కార్యాలయం సర్వర్ ఒక్కటే వాళ్ల నెట్‌వర్క్ వివరాల్ని చెక్కుచెదరకుండా నిలుపుకుంది. ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ సంస్థ నడిపే టెర్మినల్ కూడా స్తంభించింది. మొత్తం నష్టం వెయ్యి కోట్ల డాలర్లని అమెరికా ప్రభుత్వ అంచనా. కీవ్‌లోని ఒక పన్నుల సాఫ్ట్‌వేర్ ముంబయి రేవులో కంటైనర్లను ఆపేసింది.

అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో సీక్లీనర్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సుమారు 22.7 లక్షల యంత్రాలకు విషాన్ని మోసింది. అసలు సంతకంతోనే మోసింది. దుండగులకు కావలసినవి వాటిలో నలభై మాత్రమే, అవి పెద్ద టెక్నాలజీ, టెలికాం కంపెనీలవి. 2019లో బయటపడిన ఆసుస్ కంప్యూటర్ల అప్‌డేట్ ఘటనదీ ఇదే తీరు. కొద్దిమంది కోసం లక్షలమందిని వాడుకోవడం అప్పటికి ఒక పద్ధతిగా మారింది.

ఆ పద్ధతి పరాకాష్ఠ సోలార్‌విండ్స్. టెక్సస్‌లోని ఆస్టిన్‌కి చెందిన ఈ సంస్థ ఓరియన్ అనే నెట్‌వర్క్ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. 2019లో లోపలికి వచ్చినవాళ్లు తొందరపడలేదు. అక్టోబరులో హానిలేని చిన్న మార్పు చేర్చి, ఎవరైనా గమనిస్తారేమో చూశారు. ఎవరూ గమనించలేదు. తర్వాత కోడ్‌ను సాఫ్ట్‌వేర్‌గా మార్చే బిల్డ్ సర్వర్‌లో ఒక కాపలా ప్రోగ్రామ్ పెట్టారు. ఓరియన్ బిల్డ్ మొదలవగానే అది ఒక సోర్స్ ఫైలును తమదానితో మార్చి, పని అయ్యాక అసలుదాన్ని యథాస్థానంలో పెట్టేది. కోడ్ భాండాగారం వెతికినవాళ్లకి ఏమీ దొరకదు. థాంప్సన్ చెప్పినది 36 ఏళ్ల తర్వాత కర్మాగారంలో కళ్లముందు జరిగింది. ఆ అప్‌డేట్ యంత్రంలో చేరాక సుమారు రెండు వారాలు కదలకుండా ఉండి, తర్వాతే బయటికి సంకేతాలు పంపేది.

2020 మార్చి నుంచి జూన్ వరకు వచ్చిన ఆ అప్‌డేట్లను 18,000 వరకు సంస్థలు వేసుకున్నాయి. దుండగులు నిజంగా లోపలికి వెళ్లింది తొమ్మిది అమెరికా ప్రభుత్వ శాఖల్లోకి, సుమారు వంద కంపెనీల్లోకి. పట్టుకున్నది ప్రభుత్వ నిఘా కాదు. ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థలో ఒక ఉద్యోగి ఖాతాకి రెండో ఫోన్ నమోదైంది, అది నీదేనా అని అక్కడివాళ్లు అతన్ని అడిగారు. కాదన్నాడు. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. డిసెంబరు 13న లోకానికి తెలిసింది. 2021 ఏప్రిల్‌లో అమెరికా ఇది రష్యా విదేశీ గూఢచార సంస్థ పని అని ప్రకటించింది. మే నెలలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వానికి అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో జాబితా ఇవ్వాలన్న ఆలోచన దానితోనే ఊపందుకుంది.

2024లో బయటపడిన ఎక్స్‌జెడ్ కథలో మాత్రం సర్వర్లేవీ బద్దలవలేదు. ఎక్స్‌జెడ్ అంటే లినక్స్ యంత్రాల్లో ఫైళ్లను కుదించే చిన్న ఉపకరణం. దాని బాధ్యత ఏళ్ల తరబడి మోసింది లాస్సే కాలిన్ అనే ఒక్క మనిషి, జీతం లేకుండా. 2021లో జియా తాన్ అనే పేరుతో ఒకరు వచ్చి చిన్నచిన్న సవరణలు పంపడం మొదలుపెట్టారు. 2022లో వేరే పేర్లతో కొందరు పనులు ఆలస్యమవుతున్నాయని కాలిన్‌ను నిష్ఠూరాలాడారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని ఆయన జవాబు చెప్పుకున్నాడు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ చదవొచ్చు, చదివితే బాధ కలుగుతుంది. అలసిన మనిషికి ఆసరా ఇస్తున్నట్టు కనిపించిన చేయి చివరికి విడుదలల అధికారం అందుకుంది.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో, ఆపైన 5.6.1లో దొడ్డిదారి ఉంది. పరీక్షల కోసం పెట్టిన ఫైళ్లలో దాన్ని దాచారు. దాన్ని నిద్రలేపే పంక్తులు విడుదల ప్యాకెట్‌లో మాత్రమే ఉన్నాయి, అందరూ చూసే కోడ్‌లో లేవు. అది డెబియన్, ఫెడోరా స్థిర వెర్షన్లలోకి చేరి ఉంటే లోకంలోని లెక్కలేనన్ని సర్వర్లకు ఒక్కరి చేతిలో తాళంచెవి ఉండేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజనీరు తన పనికోసం వేగం కొలుస్తుండగా, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. వదిలేయకుండా తవ్వాడు. మార్చి 29న లోకానికి చెప్పాడు. ఆ అర సెకనును పట్టించుకోవడాన్ని అదృష్టమనడం నాకు ఇష్టముండదు. తన యంత్రం ఎలా నడవాలో క్షుణ్ణంగా తెలిసిన మనిషి శ్రద్ధ అది. జియా తాన్ ఎవరో ఈనాటికీ తేలలేదు.

అదే ఏడాది జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. అది దాడి కాదు, సరిగా పరీక్షించని పొరపాటు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. పొరపాటుకే ఇంత బలం ఉందంటే, ఆ దారి పగవాడి చేతిలో పడితే ఏమవుతుందో ఆ రోజు ఎవరూ ఊహించుకోనక్కర్లేకపోయింది. విడతలుగా పంపడం, ముందు కొద్ది యంత్రాల్లో చూసి తర్వాతే అందరికీ ఇవ్వడం ఆ తర్వాత పెద్ద చర్చ అయింది. అప్‌డేట్ వేసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇంట్లో ఫోన్‌కి వెంటనే వేసుకోవాలి, వానాక్రైలు వెంటపడతాయి. వందల యంత్రాలున్న ఆఫీసు మాత్రం ముందు నాలుగింటిలో వేసి, ఒకటి రెండు రోజులు చూడాలి.

నివారణ పక్షాన జరిగిన పనీ తక్కువేం కాదు. ఒకే కోడ్ నుంచి వేర్వేరు చోట్ల తయారు చేసినా అక్షరం తేడా లేకుండా ఒకే ఫలితం రావాలన్న ప్రయత్నాన్ని డెబియన్ వాళ్లు 2013 నుంచి పట్టుదలగా చేస్తున్నారు. సోలార్‌విండ్స్ తరహా బిల్డ్ సర్వర్ మోసానికి అది సూటి విరుగుడు. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ భాగాల జాబితాపై మార్గదర్శకాలు విడుదల చేసింది. జాబితా ఉంటే, ఒక భాగం చెడిందని తెలిసిన రోజున అది ఎక్కడెక్కడుందో గంటల్లో తేలుతుంది. ఆ భాగాన్ని ఎవరు చూసుకుంటున్నారో, వాళ్లకి నిద్ర చాలుతోందో లేదో అది చెప్పదు.

2025 సెప్టెంబరులో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ భాండాగారంలో ఒక నిర్వాహకుడికి దొంగ ఈమెయిల్ వచ్చింది. రెండంచెల భద్రతను కొత్తగా నమోదు చేసుకోమంది. అతను నమ్మాడు. వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉండే 18 ప్యాకేజీలు గంటల్లో కలుషితమయ్యాయి, గంటల్లోనే తొలగించారు. ఆ ప్యాకేజీలతో వ్యాపారం చేసే కంపెనీలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, బెంగళూరులోనూ ఉన్నాయి, ప్రతి ఖండంలోనూ ఉన్నాయి. వాటి బడ్జెట్లలో సంతకాలకు, స్కానర్లకు, ఆడిట్లకు పద్దులు కనిపిస్తాయి. లాస్సే కాలిన్ లాంటివాళ్లకి రెండో మనిషిని జీతానికి పెట్టే పద్దు చాలా చోట్ల ఇంకా తెరవలేదు.