తిరుపతి–ఢిల్లీ: ఆకాశదూరం, ప్రయాణకాలం

తిరుపతికీ ఢిల్లీకీ మధ్య ఆకాశదూరం దాదాపు 1,680 కిలోమీటర్లు. తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయం నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి భూమి వంపు వెంబడి లెక్కగట్టిన అతి దగ్గరి దారి ఇది. రైలు పట్టాల మీదైతే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది, ఒకటిన్నర రోజు పడుతుంది.

ఈ లెక్కకు మూలం దక్షిణాదిలోనే ఉంది. 1802 ఏప్రిల్‌లో సర్వేయర్ విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ల నేల కొలిపించాడు. ఆ గీతతో మొదలుపెట్టి, కోణాలు కొలుస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ సర్వే హిమాలయాల దాకా సాగింది. ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తేలాయి. అవి తెలిస్తే ఏ రెండు ఊళ్ల దూరమైనా కాగితం మీదే తేల్చవచ్చు. పైలట్లు దీన్ని నాటికల్ మైళ్లలో చెబుతారు. భూగోళం మీద ఒక డిగ్రీలో అరవయ్యో వంతుకు సరిపడే దూరమది. 1929లో 1,852 మీటర్లుగా స్థిరపడింది. తిరుపతి–ఢిల్లీ దూరం 900 నాటికల్ మైళ్ల పైచిలుకు.

దూరం మారలేదు, మారిందల్లా కాలమే. 1932 అక్టోబరులో కరాచీలో మొదలైన టాటా టపా విమానం బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసు చేరింది. అసలైన మలుపు 1949 జనవరి 30న మొదలైన రాత్రి టపా సర్వీసు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన డకోటాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. రన్‌వే దీపాల వెలుగులో సంచులు ఒక విమానంలోంచి ఇంకోదానిలోకి మారేవి, ప్రయాణికులూ దిగి మారేవారు. తెల్లవారేసరికి ఎవరి ఊరు వారు చేరేవారు. మద్రాసు ఉత్తరం ఢిల్లీలో మర్నాడే అందడం ఆ రోజుల్లో ఎంత గొప్ప సంగతో ఇప్పుడు ఊహించడం కష్టం. డకోటా వేగం గంటకు 270 కిలోమీటర్లకు అటూ ఇటూ. తిరుపతి వాళ్లు ముందుగా పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మద్రాసు చేరుకోవాల్సి వచ్చేది.

తర్వాత వైకౌంట్ విమానాలు, 1960లలో కారవెల్ జెట్లు వచ్చాయి. రేణిగుంటలో విమానాశ్రయం వెలిశాక కూడా చాలాకాలం ఢిల్లీ ప్రయాణం హైదరాబాద్ మీదుగానే సాగింది. రేణిగుంటలో గరుడ పక్షి ఆకారంలో కట్టిన కొత్త టెర్మినల్ 2015 అక్టోబరు 22న ప్రారంభమైంది.

నేరుగా ఎగిరే నేటి జెట్ వేగం గంటకు 830 కిలోమీటర్లనుకుంటే ప్రయాణం రెండు గంటల్లో ముగియాలి. టికెట్ మీద మాత్రం రెండున్నర గంటలకు పైనే ఉంటుంది. కారణం, ఆ సమయాన్ని చక్రాల కింది దిమ్మెలు తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం, పైకెక్కడం, నిర్ణీత ఆకాశమార్గంలో మలుపులు తిరగడం, ఢిల్లీ రద్దీలో దిగే వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి.