రేడియో వెనక అట్ట ఎవరు విప్పాలి?

ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర ఎవరు రాసినా అందులో మగపిల్లలే కనిపిస్తారు. 1964లో లండన్‌లో ‘కింక్స్’ బృందం కుర్రాడు డేవ్ డేవిస్ తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్‌ని బ్లేడుతో కోసి గరగరలాడే కొత్త నాదం పుట్టించాడు. 1968లో ‘రోలింగ్ స్టోన్స్’ కీత్ రిచర్డ్స్ ఫిలిప్స్ క్యాసెట్ రికార్డర్‌లోకి మామూలు గిటార్ గట్టిగా వాయించి దాన్ని ఎలక్ట్రిక్ గిటార్‌లా అరిపించాడు. వీటిని సాహసగాథల్లా చెప్పుకుంటారు. అయితే స్పీకరూ, టేప్‌రికార్డరూ, రేడియో అన్నీ ఇంట్లో ఉండే వస్తువులే కదా! ఇల్లు మనదన్నప్పుడు ఆ చరిత్రలో మనమెందుకు లేం?

నిజానికి ఉన్నాం. మెంఫిస్ మిన్నీ అనే నల్లజాతి స్త్రీ 1941కే ఎలక్ట్రిక్ గిటార్‌తో రికార్డులిచ్చింది. ఆమె వాయింపు విని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1943లో పత్రికలో రాశాడు. చర్చి పాటలకు ఎలక్ట్రిక్ గిటార్ జోడించిన సిస్టర్ రొసెట్టా థార్ప్ 1973లో చనిపోతే, రాక్ సంగీతం వాళ్ల గౌరవ జాబితాలో ఆమె పేరు చేరడానికి 2018 దాకా పట్టింది. ఇళ్లల్లో పనిచేసి బతికిన ఎలిజబెత్ కాటన్ మామూలు గిటార్‌ని, తను పనిచేసిన ఇంటి కుర్రాడు మైక్ సీగర్, ఆమె ఇంట్లోనే టేపు చేశాడు. 1958లో అది రికార్డుగా వచ్చేటప్పటికి ఆమె వయసు అరవై దాటింది.

మా బాపట్ల ప్రాంతానికి గిటార్ కొత్త కాదు. రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ, ఇక్కడ పాత సంస్థ. స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాల మీద ‘నేరస్థ జాతి’ ముద్ర వేసి సెటిల్‌మెంటులో ఉంచినప్పుడు దాని నిర్వహణ ఆ సంస్థదే. అదే సంస్థ తరఫున లండన్‌లో జాయ్ వెబ్ అనే మహిళా అధికారి నాయకత్వంలో ‘జాయ్‌స్ట్రింగ్స్’ బృందం 1964లో ఎలక్ట్రిక్ గిటార్లతో పాడి అక్కడి పాటల పట్టికకెక్కింది. మా వైపు చర్చిల్లో ఆడపిల్ల గిటార్ పట్టుకుంటే ఎవరికీ వింత కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటేనే వింత.

మా అక్క పట్టుకుంది. 1980ల మొదట్లో మా ఇంట్లో పాత వాల్వ్ రేడియో ఉండేది. దాని వెనక గ్రామఫోన్ తగిలించుకోవడానికి రెండు రంధ్రాలు. అక్క గిటార్‌కి తీగల కింద బిగించే చిన్న పికప్ ఉంది: అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ. ఇనప తీగ కదిలితే రాగితీగలో ఏ కొద్ది మిల్లీవోల్టులో పుడతాయి. గ్రామఫోన్ ముల్లు ఇచ్చేది అంతకంటే ఎక్కువ. అందుకే రేడియోలో గిటార్ నీరసంగా వినిపించేది. అక్క దాన్ని ముందు టేప్‌రికార్డర్ మైకు రంధ్రంలోకిచ్చి, దాని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి రేడియోకి కలిపింది. మైకు కోసం చేసిన రంధ్రానికి గిటార్ మోత ఎక్కువ. అలల కొసలు తెగిపోయి నాదం రాపిడిగా, కోపంగా వచ్చింది. డేవ్ డేవిస్ బ్లేడుతో సాధించింది మా అక్క ఒక వైరు ముక్కతో సాధించింది.

ఇక్కడ ప్రమాదం నిజమే. ఏసీకీ డీసీకీ పనికొచ్చేలా చేసిన కొన్ని పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి ఇనప చట్రానికి కరెంటు నేరుగా తగలొచ్చు. చట్రానికి కలిసిన గిటార్ తీగలు ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. కానీ ఆ జాగ్రత్త చెప్పిన పద్ధతి చూడండి. అన్నయ్య రేడియో విప్పితే “టెస్టర్ పెట్టి చూసుకోరా” అన్నారు. అక్క విప్పితే “ఆడపిల్లవి, నీకెందుకే?” అన్నారు. ఒకరికి ప్రమాదం పాఠమైంది, మరొకరికి గడప అయింది. అక్క టెస్టర్ వాడటం రేడియో షాపు ముందు నిలబడి చూసి నేర్చుకుంది. ప్రశ్న తను అడిగితే మెకానిక్ జవాబు అన్నయ్యకి చెప్పేవాడు.

రేడియో ఆడగొంతుల్ని ఇంటింటికీ తెచ్చింది. రేపల్లె దగ్గర పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్.జానకి గొంతు మా వంటగదుల్లో ఎంత మోగిందో! ఆడవాళ్లు పాడొచ్చు, వినొచ్చు. ఆ గొంతు ఏ దారిన వస్తోందో తెలుసుకోవడం మాత్రం మగవాళ్ల పని. పొయ్యి, తిరగలి, కుట్టుమిషను రిపేరు చేసుకునే చేతులకి సోల్డరింగ్ రాదని ఎవరు తేల్చారు?

అక్క ఒక క్యాసెట్ నిండా వాయించింది. మధ్యలో కుక్కర్ కూత, కరెంటు గుయ్యిమనే రొద, అమ్మ పిలుపు. స్టూడియోలో అయితే వీటిని తీసేసేవారు. నాకు అవే ముఖ్యం. ఆ సంగీతం పనుల మధ్య పుట్టిందనడానికి అవే సాక్ష్యం. అక్క పెళ్లయ్యాక ఆ క్యాసెట్ మీద ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారు. ఎవరూ పగతో చెయ్యలేదు. అది ‘ఖాళీ క్యాసెట్’ అనుకున్నారు, అంతే.

సినిమా పాటల గ్రామఫోన్ రికార్డుల్ని సేకరించేవాళ్లున్నారు. ఇళ్లల్లో ఆడవాళ్లు నింపిన క్యాసెట్లకు ఎవరూ లేరు. తెనాలిలోనో, రేపల్లెలోనో మీ అటక మీద చేతిరాత ఉన్న క్యాసెట్ ఉంటే పారేయకండి. ముందు దాని అంచు మీది రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, మరొకటి ఎక్కించడం కుదరదు. తర్వాత అది ఎవరిదో అడిగి పేరు రాయండి. బతికి ఉంటే, ఏ వైరు ఎక్కడ కలిపారో కూడా అడగండి.