స్ఫటికంలో చిక్కిన ఎలక్ట్రాన్: ఫ్లోరైడ్ రాళ్ల రంగు రహస్యం

ఫ్లోరైడ్ అనగానే నల్గొండ, ప్రకాశం జిల్లాల బోరు నీళ్లు, సరిహద్దుకు ఆవల పావగడ తాలూకా పల్లెల్లోని గారపట్టిన పళ్లు, వంగిన నడుములు గుర్తుకు వస్తాయి. అది నీటిలో కరిగిన ఫ్లోరైడ్. కాల్షియంతోనో, లిథియంతోనో కూడి గట్టి స్ఫటికంగా ఏర్పడిన ఫ్లోరైడ్ గుణం వేరు. తనపై పడిన రేడియేషన్‌కు అది గుర్తు నిలుపుకొంటుంది. ఆ గుర్తులలో ఒకటి "రంగు కేంద్రం".

రంగు కేంద్రం అంటే

ముగ్గుకు పెట్టిన చుక్కల వలె స్ఫటికంలో అయాన్లు వరుస తప్పక అమరి ఉంటాయి. లిథియం ఫ్లోరైడ్‌లో ధనావేశం గల లిథియం అయాన్లు, ఋణావేశం గల ఫ్లోరైడ్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. ఎక్స్‌రే, గామా కిరణాలు తాకినప్పుడు ఎలక్ట్రాన్లు చెదిరిపోతాయి. అక్కడక్కడ ఫ్లోరైడ్ అయాను తన చోటు విడిచిపోతుంది. ఆ ఖాళీ చుట్టూ ధనావేశ అయాన్లే ఉన్నందున, సంచరించే ఎలక్ట్రాన్ ఒకటి అందులో చిక్కుకుంటుంది. ఇదే ఎఫ్-కేంద్రం. ఇందులోని "ఎఫ్" ఫ్లోరిన్‌ను సూచించదు. రంగు అనే అర్థం గల "ఫార్బె" అనే జర్మన్ పదానికి అది తొలి అక్షరం. జర్మనీలోని గోటింగెన్‌లో రాబర్ట్ పోల్ బృందం 1920, 1930 దశకాలలో ఈ కేంద్రాలపై విస్తృతంగా పరిశోధించింది.

రంగు ఎలా కలుగుతుంది

చిక్కిన ఎలక్ట్రాన్ కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని మాత్రమే గ్రహిస్తుంది. మిగిలిన కాంతి మన కంటికి రంగుగా తోస్తుంది. లిథియం ఫ్లోరైడ్‌లో ఒంటరి ఎఫ్-కేంద్రం సుమారు 250 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని గ్రహిస్తుంది కనుక కంటికి ఏ మార్పూ తెలియదు. రెండు కేంద్రాలు జతగూడితే సుమారు 450 నానోమీటర్ల నీలికాంతిని గ్రహిస్తాయి. అప్పుడు స్ఫటికం పసుపు రంగు దాలుస్తుంది.

ప్రకృతిలో సాక్ష్యం

కాల్షియం ఫ్లోరైడ్ ఖనిజమే ఫ్లోరైట్. మన దేశంలో గుజరాత్‌లోని అంబాడుంగర్ వద్ద దీని నిక్షేపాలున్నాయి. స్వచ్ఛమైన ఫ్లోరైట్‌కు రంగు లేదు. జర్మనీలోని వోల్సెన్‌డార్ఫ్ ప్రాంతపు ఫ్లోరైట్ మాత్రం ముదురు ఊదా రంగులో ఉండి, నలగగొడితే ఘాటైన వాసన వేస్తుంది. అందులోని యురేనియం వెలువరించే రేడియేషన్ యుగాల తరబడి స్ఫటికాన్ని చెదరగొట్టడమే ఇందుకు కారణం. ఆ రాతిలో ఫ్లోరిన్ వాయువు బందీగా ఉన్నదని 2012లో జర్మన్ శాస్త్రవేత్తలు నిరూపించారు.

వేడి తగిలితే

రంగు కేంద్రం శాశ్వతం కాదు. తగినంత వేడి చేస్తే ఎలక్ట్రాన్ బయటపడుతుంది, రంగు పోతుంది. కొన్ని స్ఫటికాలలో అలా విడుదలైన శక్తి వెలుగుగా కనిపిస్తుంది. దీనినే ఉష్ణదీప్తి అంటారు. మెగ్నీషియం, టైటానియం స్వల్పంగా కలిపిన లిథియం ఫ్లోరైడ్‌లో ఆ మలినాల వద్ద కూడా ఎలక్ట్రాన్లు చిక్కుతాయి. దానిని సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు మించి వేడి చేసి, వెలువడిన కాంతిని కొలిస్తే అంతకుముందు సోకిన రేడియేషన్ మోతాదు తెలుస్తుంది. తరువాత 400 డిగ్రీల వద్ద కాచి తిరిగి వాడుకోవచ్చు.

ఛాతీపై బ్యాడ్జి

ఎక్స్‌రే గదులలో, క్యాన్సర్ చికిత్సా విభాగాలలో పనిచేసేవారు ధరించే టీఎల్‌డీ బ్యాడ్జికి ఆధారం ఈ సూత్రమే. మన దేశపు బ్యాడ్జిలలో ఫ్లోరైడ్‌కు బదులు డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు వాడుతున్నారు; ఎలక్ట్రాన్ చిక్కడం, వేడికి విడుదల కావడం రెండింటిలోనూ ఒకటే. ఈ ఉద్యోగులకు సోకదగిన మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదు.

బ్యాడ్జి రేడియేషన్‌ను ఆపదు, లెక్క మాత్రమే చెబుతుంది. దానిని సీసపు ఏప్రాన్ లోపల ఛాతీపై ధరించాలి. పని ముగిశాక ఎక్స్‌రే గదిలోనే వదిలివేస్తే మనిషికి సోకని మోతాదు అతని పేర చేరుతుంది. ఇంట్లో మరచివస్తే సోకిన మోతాదు లెక్కకు రాదు. ఎండలోనో, పొయ్యి దగ్గరో ఉంచితే చిక్కిన ఎలక్ట్రాన్లు ముందే జారిపోయి లెక్క తగ్గవచ్చు. ఇంటి బిడ్డ ఇటువంటి కొలువులో ఉంటే ఈ సంగతులు ఇంటిల్లిపాదీ ఎరిగి ఉండటం మేలు.